నీటి సంఘం అధ్యక్షుడైన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మన ఆయకట్టు రైతులు నిన్ను నీటి సంఘం అధ్యక్షుడిగా ఎన్నుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు చాలా సంతోషించాను. ఆ బాధ్యతలో నేనూ కొన్నేళ్లు ఉన్నవాణ్ణి గనుక నాకు తోచిన సంగతులు రాస్తున్నాను. ఇకమీదట జనం నీ దగ్గరికి జవాబుల కోసమే వస్తారు. తూము ఎప్పుడు ఎత్తుతారు, పూడికతీత ఎప్పుడు మొదలవుతుంది, రెండో పంట దాళ్వాకు నీరు ఇస్తారా ఇవ్వరా అని నిలదీస్తారు. అడిగిన ప్రతిదానికీ అక్కడికక్కడే ఏదో ఒకటి చెప్పి పంపడం అలవాటైతే, ఏడాది తిరిగేలోగా తెలియని విషయాన్ని కూడా తెలిసినట్టు చెప్పడం మొదలవుతుంది. కాబట్టి కుర్చీ ఎక్కిన తరువాత ఇంకొకరిని అడిగి తెలుసుకోవడం తగ్గకూడదు సరికదా, మునుపటికన్నా పెరగాలని నా అభిప్రాయం.

మొట్టమొదట అడగవలసింది కాలువ తలుపులు, గట్లు చూసుకునే లస్కరును. ఏ తలుపు ఎంత ఎత్తితే దిగువన నీటిమట్టం ఎంత మారుతుందో, ఏ మలుపు దగ్గర గుర్రపుడెక్క ముందుగా పేరుకుంటుందో, ఏ గట్టుకు రాత్రివేళ గండి పడుతుందో అతనికి తెలిసినంతగా ఆఫీసు కాగితాలలో ఉండదు. అయితే అతన్ని పిలిపించి ఎదురుగా నిలబెట్టి అడిగితే నీకు నచ్చే సమాధానం చెబుతాడు. గట్టు మీద అతని పక్కన నడుస్తూ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. ఆ నడక కాలువ చివరి భూములున్న శివారు నుంచి ఎగువకు సాగాలి. ఎగువన మొదలుపెట్టినవారు ఎండ ఎక్కేసరికి మధ్యలో ఏదో ఒక ఊళ్లో కాఫీ తాగి వెనుదిరగడం నేను చాలాసార్లు చూశాను. శివారులో కౌలు రైతును తప్పకుండా కలుసుకో. సమావేశానికి ఎక్కువగా భూయజమానులే వస్తారు గాని, పొలానికి నీరందించే బోదెలోకి నీరు ఏ వేళకు చేరిందో, మడిలో ఉప్పు ఎంత తేలిందో చెప్పగలిగినవాడు అతనే.

లెక్క కూడా పట్టుదలగా నేర్చుకోవాలి. ఇంజనీరు గారు ఇన్ని క్యూసెక్కులు వదిలామనగానే తల ఊపి వచ్చేసే అధ్యక్షులే ఎక్కువ. సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారే నీటిని క్యూసెక్కు అంటాం. అది రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు అవుతుంది. అంటే సుమారు 24 ఎకరాల్లో అంగుళం లోతున నిలిచే నీరన్నమాట. దారిలో ఇంకిపోయే నీటిని తీసివేస్తే పొలానికి అందేది ఇంకా తక్కువ. ఈ లెక్క చేతిలో ఉంటే వంతులవారీ విధానంలో మన ఆయకట్టుకు ఎన్ని రోజులు కావాలో నువ్వే కట్టి చూపగలవు. నీరు చాలడం లేదని మొరపెట్టుకోవడానికి బదులు ఎంత చాలడం లేదో చెప్పగలవు.

నీటి సంఘానికి విత్తనాల సంగతి ఎందుకని కొందరు నిన్ను ఆక్షేపించవచ్చు. వారి మాట పట్టించుకోకు. మార్టేరు వరి పరిశోధన స్థానం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ అనే వరి రకానికి దాదాపు అయిదు నెలలు కావాలి. తొలి పంట సార్వాకు అది సరిపోయింది. దాళ్వాకు కావలసింది నాలుగు నెలల్లో చేతికొచ్చే ఎంటీయూ 1010 వంటి రకం. కాలువ కట్టేసే తేదీని ముందే ప్రకటిస్తారు గనుక, ఆకుమడి ఆలస్యమైనా, రైతు దీర్ఘకాలిక రకం ఎంచుకున్నా, గింజ పాలు పోసుకునే వేళకు శివారులో నీరు ఉండదు. ఏప్రిల్‌లో తూము దగ్గర జరిగే తగాదాలలో చాలావరకు డిసెంబరులో విత్తనం దగ్గరే మొదలైనవని నా నమ్మకం. అందుచేత సీజనుకు ముందే నలుగురు రైతులను వెంటబెట్టుకుని మార్టేరు వెళ్లు. ఏ రకం ఎన్ని రోజుల పంట, వెదజల్లితే ఎన్ని రోజులు కలిసొస్తుంది, కలుపు బెడద ఎంత పెరుగుతుంది అని శాస్త్రవేత్తలనే అడుగు. వారు చెప్పింది నీ నోటి ద్వారా కాక ఆ రైతుల నోటి ద్వారా ఊరికి చేరనివ్వు.

మన ప్రాంతంలో కాటన్ దొర విగ్రహాలకు కొదవ లేదు. ఏటా ఆయన పుట్టినరోజు మే 15న దండలు వేస్తూనే ఉన్నాం. గోదావరి మీద ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు ఆయన కావేరి డెల్టాలో పనిచేస్తూ, చోళుల నాటి కల్లణై ఆనకట్టను పరిశీలించి, లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే విధానాన్ని ఆ పాతకాలపు నిర్మాతల నుంచే నేర్చుకున్నామని తరువాత రాశాడు. ఏలుబడి చేసే జాతికి చెందిన ఇంజనీరు ఆ మాట రాయడానికి సంకోచించలేదు. పక్క ఊరి సంఘం పూడిక ఎలా తీయించిందో కనుక్కోవడానికి మనవాళ్లకు మాత్రం నామోషీ!

మురుగు కాలువల గురించి ముంపు వచ్చేవరకు ఎవరూ మాట్లాడరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది అని పేపరు చదివేవారందరికీ తెలుసు. కాని ఆ రోజున మన డ్రెయిను వెనక్కి తన్నుతుందా, అమావాస్య పౌర్ణములకు సముద్రం పోటు మీద ఉంటే ముంపు నీరు దిగడానికి ఎంత ఆలస్యమవుతుంది అన్నవి ప్రతి అధ్యక్షుడూ విడిగా తెలుసుకోవలసినవి. ఉప్పుటేరు వైపు వేటకు వెళ్లేవారు ఈ విషయంలో మంచి గురువులు.

సమావేశాల్లో నీ అభిప్రాయం చివరకు చెప్పు. అధ్యక్షుడు ముందే తేల్చేశాక ఎదురు చెప్పేవారు ఎవరూ ఉండరు. తెలియని సంగతి వస్తే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అందరి ముందే అడుగు. అది చూసి వెనుక వరసలోని చిన్న రైతు కూడా నోరు విప్పుతాడు. అలాగని విచారిస్తూ కూర్చుని పని ఆపుకోవద్దు. కాలువలు కట్టేసి ఉండే ఆ కొద్ది వారాల్లోనే మరమ్మతులు జరగాలి. ఆ గడువుకు తెలిసినంతవరకు చూసి తీర్మానం చేసెయ్యాలి. ఏ ఆలోచనతో చేశావో, తరువాత ఏమి జరిగిందో ఒక పుస్తకంలో రాసి ఉంచితే మరుసటి ఏడాదికి అక్కరకు వస్తుంది. నీ తరువాత వచ్చేవారికీ ఆ పుస్తకం అప్పగించాలి.

ఈసారి దాళ్వా కోతలయ్యాక కాలువ అడుగు బయటపడగానే పూడిక కొలిపించు. ఎప్పుడు వెళ్లేదీ ముందుగా కబురు చేస్తే నేనూ వస్తాను. మోకాళ్ల మూలంగా గట్టు పొడవునా నడవలేను గాని, శివారు తూము వరకు బండి మీద రాగలను.

ఇట్లు,
మీ మామయ్య