మధ్య ఆసియా పాత రాజుల కిరీటాల మీద జంతువులు, సూర్యచంద్రులు ఎందుకు?

గుర్రాలు, పొట్టేళ్ళు, పక్షులు, చంద్రవంకలు ఆ కిరీటాల మీద అందం కోసమే పెట్టారా అని అడిగారు. అందం ఒక్కటే కాదు. నేను ఎంబీబీఎస్ చదివింది కజకిస్తాన్‌లోని అల్మాటీలో. ఈ విషయం మీద ఇష్టం పుట్టింది కూడా అక్కడే.

మొదటి ఏడాది వీసా, రిజిస్ట్రేషన్ టెన్షన్‌లో ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే ఎక్కడ చూసినా ఆ దేశపు రాజముద్ర కనిపించేది. అందులో అటొకటి ఇటొకటి రెక్కల గుర్రాలు, వాటికి కొమ్ములు! గుర్రానికి కొమ్ములేమిటో అర్థం కాక వదిలేశాను. చలికాలం సెలవుల్లో సెంట్రల్ స్టేట్ మ్యూజియానికి వెళ్తే, 'బంగారు మనిషి' నమూనా తల మీద అవే గుర్రాలు కనిపించాయి.

ఆ మనిషి కథ ఇదీ. అల్మాటీకి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, ఇస్సిక్ దగ్గర, 1969లో పురావస్తు శాస్త్రవేత్త కెమల్ అకిషెవ్ బృందం ఒక పెద్ద మట్టిదిబ్బ సమాధిని తవ్వింది. నడిమి గదిని దొంగలు ఎప్పుడో దోచేశారు. పక్క గది మాత్రం వాళ్ళ కంట పడలేదు. అందులో పడుచు వయసులో పోయిన ఒక శక ప్రభువు, ఒంటి మీద 4,000కు పైగా బంగారు ముక్కలు. క్రీస్తు పూర్వపు కాలం నాటి మాట. శకులు మనకు బొత్తిగా తెలియనివాళ్ళేం కాదు. గౌతమీపుత్ర శాతకర్ణి 'శక యవన పహ్లవ నిషూదనుడు' (వాళ్ళని సంహరించినవాడు) అని నాసిక్ శాసనం పొగిడింది ఆ జాతి పేరు చెప్పే.

మ్యూజియంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్న పెద్దావిడ నా వచ్చీరాని రష్యన్ విని, పక్కకొచ్చి, కింది నుంచి పైకి చూడమంది. తన నుదుటి మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా పైకెత్తుతూ చూపించింది. ముందు భాగాన రెక్కల గుర్రాలు. చుట్టూ కొండలు, మంచు చిరుతలు. చెట్లు, వాటి మీద పక్షులు. నిలువుగా లేచిన నాలుగు బంగారు బాణాలు. ఆ పొడవాటి టోపీ కొసన వేలెడంత కొండపొట్టేలు. అకిషెవ్ కూడా దీన్ని లోకానికి నమూనాగానే చూశారు. అది పెట్టుకున్నవాడు భూమినీ ఆకాశాన్నీ నెత్తిన మోస్తున్నట్టే.

గుర్రమే ఎందుకంటే, అది సూర్యుడిది. మస్సగెతులనే స్టెప్పీ (మధ్య ఆసియా గడ్డిమైదానాల) జనం సూర్యుణ్ణి ఒక్కణ్ణే కొలిచి గుర్రాల్ని బలి ఇచ్చేవారనీ, దేవుళ్ళలో వేగవంతుడికి ప్రాణుల్లో వేగమైనదాన్ని ఇవ్వాలన్నది వాళ్ళ ఉద్దేశమనీ పాత గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఇక కొమ్ముల సంగతి. ఆల్తాయ్ కొండల్లో బెరెల్ దగ్గర ఒక సమాధిలో 13 గుర్రాలు దొరికాయి. వాటిలో కొన్నింటి తలలకు బంగారు రేకు తాపిన చెక్క కొమ్ములు కట్టి పాతిపెట్టారు. అది చదివాక గానీ నా సందేహం తీరలేదు. కొమ్ముల గుర్రం శిల్పి ఊహ ఒక్కటే కాదు, నిజం గుర్రానికే అలా వేషం కట్టి సాగనంపారు.

నాకు అన్నిటికంటే నచ్చిన కిరీటం మాత్రం ఉత్తర అఫ్ఘానిస్తాన్‌లోని తిల్యా తెపేలో దొరికింది. 1978-79లో విక్టర్ సరియానిది తవ్వకాల్లో ఆరో సమాధిలో ఒక స్త్రీ తల మీద ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దం. పల్చటి బంగారు పట్టీ, దాని మీద చెట్లలా లేచిన ఐదు కొమ్మలు, పూలు, పక్షులు, ఒళ్ళంతా వేలాడే గుండ్రటి రేకులు. ఆవిడ తల కాస్త తిప్పినా అడవి మొత్తం అల్లాడి మెరిసి ఉంటుంది. ఇంకో విశేషం, చెట్లను పట్టీ నుంచి ఊడదీసి చదునుగా సర్దుకోవచ్చు. గుర్రాల మీద ఊళ్ళు మార్చే జనం కదా, రాచరికం కూడా మూటలో పట్టాలి.

పొట్టేలుకీ పక్షికీ అర్థం ఇరాన్ వైపు నుంచి తెలుస్తుంది. రాజుకు దక్కే దైవతేజాన్ని వాళ్ళు 'ఫర్' అంటారు. తప్పు చేసిన యిమ అనే పురాణ రాజును అది పక్షి రూపంలో విడిచిపోయిందని జొరాస్ట్రియన్ల పవిత్ర గ్రంథం అవెస్తా చెబుతుంది. ఇరాన్‌ని ఏలిన ససానియన్ వంశాన్ని స్థాపించిన అర్దషీర్ పారిపోతుంటే అదే పొట్టేలై వెంట వచ్చిందని పహ్లవీ అనే పాత పర్షియన్ భాషలో ఒక కథ. క్రీ.శ. 359లో రోమన్ల కోట అమిద ముట్టడిలో అదే వంశపు రాజు రెండో షాపూర్ పొట్టేలు తల ఆకారంలో ఉన్న బంగారు శిరస్త్రాణం పెట్టుకున్నాడని రోమన్ చరిత్రకారుడు అమ్మియానస్ రాశాడు. ఆ పొట్టేలు ఈ తేజానికే గుర్తని నేను నమ్ముతాను. చంద్రవంకలు, రెక్కలు చూడాలంటే ససానియన్, హూణ రాజుల నాణేలు చాలు. హూణుల్లో ఒక శాఖ అయిన నేజక్ హూణులైతే ఏకంగా గేదె తలనే కిరీటం మీద పెట్టుకున్నారు.

మీరు అల్మాటీ వెళ్తే ఆకాశం తేటగా ఉన్న రోజు చూసుకుని మ్యూజియానికి వెళ్ళండి. బయటికొచ్చి దక్షిణం వైపు తిరిగితే మంచుకొండలు కనిపిస్తాయి. మంచు చిరుతలు, కొండమేకలు ఇప్పటికీ అక్కడ తిరుగుతున్నాయి.