చీలమండ చూసి తిండి చెప్పేస్తారా?

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్‌ని చూసొచ్చినప్పటి నుంచి ఇంట్లో డైనోసార్ల గోలే. తెలంగాణలోనే దొరికిన జక్లపల్లిసారస్‌కి పుర్రె దొరకలేదట, అయినా అది మొక్కలు తినేదని రాశారు. పళ్లు చూడకుండా ఎలా చెప్తారండి? మన వైజాగ్ కొండల్లో ఇలాంటివి దొరకవా?
- ఓ పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీవాడు సరిగ్గా అడగాల్సిందే అడిగాడమ్మా. పాత ఆదిలాబాద్ జిల్లా రాళ్లలో దొరికిన ఈ జంతువుకి అర్జెంటీనాకి చెందిన ఫెర్నాండో నోవాస్, మనవాళ్లు శంకర్ చటర్జీ, కుట్టి తదితరులు 2011లో పేరు పెట్టారు. చేతిలో ఉన్నవల్లా కొన్ని వెన్నుపూసలు, కాళ్ల ఎముకలు, అలాంటివే. 20 కోట్ల ఏళ్లు దాటింది కదా, ఆ మాత్రం మిగలడమే గొప్ప. అందులో గుట్టు విప్పింది చీలమండ ఎముక. కింది నుంచి చూస్తే దాని రెండు పక్కలకీ పొంతన ఉండదు. ముక్కు చూసి ఫలానా వాళ్లబ్బాయని పట్టేసినట్టు, ఇలాంటి గుర్తులన్నీ పోల్చుకుని దీన్ని జర్మనీలో దొరికిన ప్లేటియోసారస్ బంధువర్గంలో చేర్చారు. దానికైతే పుర్రెలతో సహా బోలెడు అస్థిపంజరాలున్నాయి. పళ్లు ఆకు ఆకారంలో, అంచుల్లో ముతక రంపపు పళ్లతో ఉంటాయి, మాంసం కోసే కత్తుల్లా ఉండవు. అంటే మనవాడి తిండి సంగతి చుట్టాల నోరు చూసి చెప్పిందే!

అలాగని చుట్టరికాన్ని గుడ్డిగా నమ్మినా దెబ్బతింటాం. ఇదే పెద్ద వంశంలో ఇంకా పాతదైన బ్రెజిల్ బురియోలెస్టిస్ పళ్లు చూస్తే అది మాంసం తినేదని తెలుస్తుంది. జక్లపల్లిసారస్ దానికి దూరం, ప్లేటియోసారస్‌కి దగ్గర, కాబట్టి శాకాహారి అనడం సబబేనని నా లెక్క. అన్నట్టు కోటసారస్‌కీ పుర్రె దొరకలేదు, ఏవో ఒకటి రెండు పళ్లు తప్ప. మ్యూజియంలో తల కల్పించి పెట్టిందేనని మీవాడికి చెప్పండి, ఇంకో పది ప్రశ్నలు వేస్తాడు.

ఇక వైజాగ్ అంటారా, ఆశ వదులుకోండి. కైలాసగిరి, సింహాచలం కొండల్లోని ఖొండలైట్ డైనోసార్లకంటే ఎంతో ముందే భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి రూపం మారిపోయిన రాయి. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలా, అవి మొన్నమొన్నటివి, వేల ఏళ్ల లెక్కే. మధ్యలో కావాల్సిన ఆ కాలపు బురద, ఇసుక గట్టిపడి రాయైంది ప్రాణహిత-గోదావరి లోయలో. సెలవుల్లో అటు వెళ్తే చూడండి, ఎముకలాంటిది కనిపిస్తే మాత్రం పెకలించకుండా ఫొటో తీసి జియాలజీ వాళ్లకి చూపించండి.