క్లైంబింగ్ జిమ్‌లో ఉద్యోగం అంటే రోజంతా గోడ ఎక్కుతూ ఉండటమేనా?

క్లైంబింగ్ జిమ్‌లో ఫ్లోర్ స్టాఫ్‌గా చేరబోతున్నానని, జీతంతో పాటు ప్రాక్టీసు కూడా అయిపోతుందా అని అడిగారు. అవదు. షిఫ్టులో మీరు గోడ ఎక్కేది వదులైన హోల్డు (చెయ్యి, కాలు పెట్టే పట్టు) బిగించడానికో, పైకి జారిపోయిన ఆటో బిలే (ఎక్కేవాళ్లు పడితే మెల్లగా దించే యంత్రం) పట్టీని దించడానికో. మిగతాదంతా చూపు పని. సాయంత్రం ఎనిమిదింటికి వచ్చిన వందో మనిషి ముడిని, పొద్దున వచ్చిన మొదటి మనిషి ముడిని చూసినంత శ్రద్ధగా చూడగలగాలి. అదే ఈ ఉద్యోగం.

పొద్దున షట్టర్ ఎత్తాక తనిఖీలతో మొదలు. బౌల్డరింగ్ గోడ సాధారణంగా 4.5 మీటర్లు దాటదు, తాడు ఉండదు, కింద పరిచిన ఫోమ్ మ్యాట్లే రక్షణ. వాటి అతుకులు చూడండి. వెల్‌క్రో ఊడి సందు పడితే పాదం అందులో దిగి చీలమండ మెలిపడుతుంది. ఎక్కువమంది పడే చోట ఫోమ్ చప్పబడుతుంది. మోకాలితో బలంగా నొక్కితే కింద నేల తగులుతున్నట్టు తెలిసిపోతుంది.

తాళ్లను కళ్లతో చూస్తే చాలదు, మొత్తం పొడవూ చేతుల్లోంచి పోనిస్తూ తడమాలి. లోపలి పోగులు దెబ్బతిన్న చోట తాడు గుల్లగా తగులుతుంది, వంచితే గుండ్రంగా తిరగకుండా కాగితంలా మడత పడుతుంది. పైతొడుగు చిరిగి లోపలి తెల్లపోగులు కనిపిస్తే ఇక ఆలోచించొద్దు, తీసేయండి. ముడి పడే కొస త్వరగా అరుగుతుంది, అంతవరకు కోసి మిగతాది వాడతారు. కోసిన ప్రతిసారీ కొత్త పొడవు రిజిస్టర్లో రాయాలి. తాడు పొట్టిదైన సంగతి తెలియకపోతే, పైనున్న మనిషిని దించుతుండగా రెండో కొస బిలే పరికరంలోంచి (కింద నిలబడి తాడు పట్టుకునేవాళ్లు వాడేది) జారి బయటికొచ్చేస్తుంది. అందుకే ఆ కొసకు ఎప్పుడూ ముడి ఉండాలి.

ఆటో బిలే యంత్రం చెడిపోవడం అరుదు. ఏటా సర్వీసుకు పంపి, రోజూ పట్టీని లాగి వదిలి, అది ఆగకుండా వెనక్కి చుట్టుకుంటోందో లేదో, కారబినర్ (పట్టీ చివరి కొక్కెం) దగ్గర కుట్లు అరిగాయో లేదో చూస్తే సరిపోతుంది. అసలు ప్రమాదం మనిషి తగిలించుకోవడం మర్చిపోవడమే. కొత్తవాళ్లు భయంతో రెండుసార్లు చూసుకుంటారు. రోజూ వచ్చేవాళ్లు కబుర్లాడుతూ వచ్చి, పట్టీ పక్కన వేలాడుతుండగానే ఎక్కేస్తారు. అందుకే మొదటి హోల్డులను మూసేలా త్రికోణపు గుడ్డ గేటు పెడతారు. పట్టీ విప్పగానే దాన్ని ఆ గేటుకే తగిలించాలి. ఎవరూ ఎక్కకుండానే గేటు నేలమీద పడి ఉందంటే వెంటనే వెళ్లి సరిచేయండి.

తాడుతో ఎక్కించేవాళ్లకు బిలే (కింద నిలబడి, ఎక్కే మనిషి తాడును పట్టుకోవడం) పరీక్ష పెట్టడం మీ పనే. హార్నెస్ నడుం పట్టీ తుంటి ఎముకల పైన ఉండాలి, కిందికి లాగినా జారకూడదు. తాడు కాళ్ల పట్టీల దగ్గరి లూప్, నడుం దగ్గరి లూప్ రెండింట్లోంచీ పోవాలి. పక్కన సామాన్లు తగిలించే లూప్‌కు ముడి వేసుకునేవాళ్లు నిజంగానే ఉంటారు, అది మనిషి బరువుకు చేసింది కాదు. 8 అంకె ఆకారంలో వేసే ఎనిమిది ముడిలో తాళ్లు ఐదు చోట్ల జతలుగా కనిపించాలి, కొస కనీసం పిడికెడు పొడవు మిగలాలి. గ్రిగ్రిలో (మనిషి పడితే తాడును బిగించే బిలే పరికరం) తాడు తిరగేసి పెట్టడం మామూలు పొరపాటు. క్లైంబర్ వైపు తాడును ఒక్కసారి గట్టిగా లాగితే పరికరం బిగుసుకోవాలి. బిగుసుకోలేదంటే తలకిందులుగా పెట్టినట్టే. ఇవన్నీ సరిగ్గా ఉన్నా పరీక్షలో నేను ఎక్కువగా ఫెయిల్ చేసేది బ్రేక్ చెయ్యి (పరికరంలోంచి బయటికొచ్చే తాడును పట్టుకునే చెయ్యి) విషయంలోనే. తాడు త్వరగా ఇవ్వాలనే కంగారులో ఆ చెయ్యి వదిలేసి, గ్రిగ్రి మీటను బొటనవేలితో తెరిచి పట్టుకుంటారు. ఆ క్షణంలో పైమనిషి జారితే ఆపేదేమీ ఉండదు. బరువుల తేడా కూడా అడిగి తెలుసుకోండి. 50 కిలోల మనిషి 85 కిలోల మనిషిని బిలే చేస్తుంటే, అవతలివారు పడగానే ఈ మనిషి గాల్లోకి లేచిపోతారు. ఆ తేలికైన మనిషిని ఇసుక సంచికి కట్టాలి.

పాత సభ్యులకు తప్పు చెప్పడం కష్టంగానే ఉంటుంది. దూరం నుంచి అరవకుండా పక్కకెళ్లి, “అన్నా, పైనున్నవాళ్లు దిగాక ఒక్క నిమిషం మాట్లాడదాం” అంటే ఎవరూ నొచ్చుకోరు. కానీ బ్రేక్ చెయ్యి వదిలి ఉంటే మర్యాదలు తర్వాత. ముందు తాడు మీరు పట్టుకోండి.

రూట్లు (హోల్డులతో అమర్చిన ఎక్కే దారులు) మార్చే రోజు ఒళ్లు హూనమవుతుంది. పాత హోల్డులు విప్పాలి, రంగుల వారీగా వేరుచేయాలి, నానబెట్టి కడగాలి, పూర్తిగా ఆరబెట్టాలి. తడి మిగిలితే బోల్టులు తుప్పు పడతాయి. హోల్డులను ఇనుప బ్రష్‌తో తోమితే గరుకు పోయి నున్నబడతాయి. నైలాన్ బ్రష్ వాడండి. మనదగ్గర ఎక్కువగా ఎం10 (10 మిల్లీమీటర్ల మందం) బోల్టులుంటాయి, స్థూపంలాంటి ఎత్తైన తలవాటికి 8 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. మొదటి రెండు మూడు చుట్లు చేత్తోనే తిప్పాలి. ఇంపాక్ట్ డ్రైవర్ నేరుగా పెడితే బోల్టు వంకరగా దిగి మరలు తెగుతాయి, ప్లైవుడ్ వెనకున్న టీ-నట్ ఊడి గిరగిరా తిరుగుతుంది. ఆ ఒక్క నట్ కోసం గోడ వెనక చీకట్లో అరగంట గడపాల్సి వస్తుంది. అతిగా బిగిస్తే హోల్డు బోల్టు రంధ్రం దగ్గర బీటలిస్తుంది. హోల్డు తిరగకుండా పక్కన ఒక చెక్క స్క్రూ వేయాలి. రెండు మూడు రోజులయ్యాక అన్నీ మళ్లీ బిగించాలి, ఎందుకంటే కొత్తగా పెట్టినవి వాడకంతో సర్దుకుని వదులవుతాయి.

పెట్టిన రూటును వేర్వేరు ఎత్తులవాళ్లు ఎక్కి చూడాలి. రూటు పెట్టిన సెట్టర్ 178 సెంటీమీటర్లుంటే 155 సెంటీమీటర్ల అమ్మాయికి ఆ హోల్డు అందనే అందదు. పడే తీరు కూడా చూడాలి: చెయ్యి జారితే పక్క గోడకు కొట్టుకుంటారా, కాలు హోల్డు వెనక ఇరుక్కుంటుందా అని. ఈ రెండూ చూడని రూటు ఎంత అందంగా ఉన్నా నేను తెరవనివ్వను.

చేతులు జారకుండా రాసుకునే చాక్ అంటే మెగ్నీషియం కార్బొనేట్. చీపురు పడితే ఆ పొడి మళ్లీ గాల్లోకే లేస్తుంది. సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ కావాలి, లేదా తడిగుడ్డతో తుడవాలి. వానాకాలంలో చేతులు చెమర్చి హోల్డులు జిడ్డెక్కుతాయి, ఆ నెలల్లో బ్రష్ పని రెట్టింపు.

పిల్లల బృందం వస్తే ఆరుగురికి ఒకరు చొప్పున ఉంటేనే చూపు ఆనుతుంది. ఎక్కే ముందు పడటం నేర్పండి: రెండు పాదాల మీద, మోకాళ్లు వంచి, వెనక్కి దొర్లాలి, చేతులు గుండెకు ఆనించుకోవాలి. వెనక్కి చెయ్యి ఆనిస్తే మణికట్టో మోచెయ్యో దెబ్బతింటుంది, పెద్దవాళ్లూ అదే చేస్తారు.

ఇక మీ ప్రాక్టీసు. రూట్లు పెట్టిన రోజున భుజాలు, ముంజేతులు అలసిపోయి ఉంటాయి. అదేరోజు చిన్న అంచుల మీద వేలాడితే వేలి ఎముకకు స్నాయువును అదిమిపట్టే లోపలి పట్టీ తెగే అవకాశం ఎక్కువ. కండరాలు వారాల్లో బలపడతాయి, వేళ్ల స్నాయువులకూ పట్టీలకూ నెలలు పడుతుంది. సెలవు రోజున ఎక్కండి. వీలైతే భువనగిరి గుట్ట మీదో, హంపి బండల మీదో ఎక్కండి. అక్కడ జిమ్‌లోలా రంగు దారి చూపదు, కాలు ఎక్కడ పెట్టాలో మీరే వెతుక్కోవాలి.

చేరేముందు మూడు అడగండి. తాళ్ల రిజిస్టర్ చూపిస్తారా, రూట్లు పెట్టేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు, ఇయర్‌మఫ్‌లు ఇస్తారా, బిలే పరీక్షలో నేను ఆపేసిన కస్టమర్ గొడవపెట్టుకుంటే మేనేజర్ నా పక్షాన నిలబడతారా అని. మూడోదానికి జవాబు చెప్పడానికి తటపటాయిస్తే ఆ ఉద్యోగం వద్దనుకోండి.