అమలాపురం ట్రాన్స్‌ఫర్ అయింది, కోనసీమలో రైతుల బతుకు ఎలా ఉంటుంది?

అనంతపురం నుంచి బ్యాంకు అమలాపురం బ్రాంచికి బదిలీ అయిందని, కోనసీమ అంటే కొబ్బరిచెట్లు తప్ప ఏమీ తెలియదని, పంట రుణాలు చూడాలి కాబట్టి అక్కడి రైతు గురించి చెప్పమని అడిగారు. నేను పుట్టి పెరిగింది అంబాజీపేట పక్క పల్లెలో. నాన్నగారు వరి, కొబ్బరి రెండూ చేశారు. అందుకే రాస్తున్నానండి.

ముందు ఒక్క తేడా మనసులో పెట్టుకోండి. మీ వైపు నీళ్లు రాక పంట పోతుంది. మా వైపు నీళ్లు పోక పంట పోతుంది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే కోనసీమ. 2022లో జిల్లా చేసినప్పుడు గౌతమికి అవతల ఉన్న రామచంద్రపురం వైపు కూడా కలిపారు గానీ, మా పెద్దవాళ్లకి కోనసీమ అంటే ఇప్పటికీ ఏటి మధ్య ఉన్నదే. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేశాక కాలువలు వచ్చాయి. పి.గన్నవరం వెళ్తే అక్విడక్టు చూడండి. కింద వైనతేయ, పైన కాలువ. రాజోలు వైపు చేలకి నీళ్లు అలా నది దాటి వెళ్తాయి.

నీళ్లు తేవడం అంత బాగా కుదిరింది. వాటిని బయటికి పంపడమే కష్టం. నేల పల్లం, సముద్రం దగ్గర, మురుగు కాలువల్లో గుర్రపుడెక్క, పూడిక. సార్వా, అంటే ఖరీఫ్ వరి, కంకి మీద ఉండగా అక్టోబరు, నవంబరుల్లో వాన పడితే చేను పడిపోయి, నీళ్లలోనే గింజ మొలకెత్తుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. ఆ ఏడాది మా రెండున్నర ఎకరాలూ ఖాళీగా ఉన్నాయి. పెట్టుబడి రాదు, ముంపు తప్పదు, ఇంకెందుకు నాట్లు ఊడ్చడం అన్నారు నాన్నగారు. ఊడ్పుల రోజుల్లో ఆయన గట్టు మీద ఊరికే కూర్చుని ఉండటం నేను చూసింది ఆ ఒక్క ఏడాదే.

కొబ్బరి మాత్రం ఇంటిని నిలబెడుతుంది. నెలన్నర, రెండు నెలలకోసారి చెట్టెక్కించి కాయలు కోయిస్తారు, దాన్నే దింపు అంటాం, కాయల్ని వేల లెక్కన అమ్ముతారు. ధర బాగోకపోతే అటక మీద దాస్తారు. నెలల తరబడి ఉంచితే లోపల నీళ్లు ఇంకి కురిడీ అవుతుంది. అంబాజీపేట మార్కెట్లో గండేరా, గటగట అని విడివిడిగా ధర చెప్పేది దానికే. దింపు కార్మికులు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. దానికి తోడు ఇప్పుడు చెట్లకి తెల్లదోమ పురుగు.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. దీపావళికి నాలుగు రోజుల ముందు. చీకట్లో తోటలో చెట్లు ఒక్కొక్కటే విరుగుతున్న చప్పుడు విన్నాను. తెల్లారేసరికి ఇంటి వెనక నుంచి పక్క ఊరి గుడి కనిపించింది. అంతకుముందు ఎప్పుడూ కనపడలేదు. మళ్లీ నాటిన మొక్కలు కాపుకి రావడానికి ఏడేళ్లు పట్టింది. అన్నాళ్లూ కుటుంబాన్ని నడిపింది కువైట్ వెళ్లిన మా పిన్ని పంపిన డబ్బే. ఇక్కడ గల్ఫ్ డబ్బు అందుకోని వీధి దాదాపు ఉండదు. మీ బ్రాంచిలో మీరే చూస్తారు.

మీ పనికి ముఖ్యమైన మాట ఇంకోటి. పాసుపుస్తకం తెచ్చే భూయజమాని వేరు, చేలో దిగే మనిషి చాలాసార్లు వేరు. ఎక్కువ భాగం సాగు కౌలు రైతులదే. కౌలు నోటి మాట మీద నడుస్తుంది, కాగితం ఉండదు. పంట మునిగితే నష్టం కౌలుదారుది, రుణం మాత్రం అతనికి దొరకదు. దయచేసి ప్రభుత్వం ఇచ్చే కౌలు కార్డు పట్టుకుని వచ్చినవాళ్లని తిప్పి పంపకండి.

రైలు అమలాపురానికి ఇంకా రాలేదు. రాజమండ్రిలో గానీ కాకినాడలో గానీ దిగి బస్సెక్కాలి. కనుమ రోజున సెలవు పెట్టుకుని జగ్గన్నతోట వెళ్లండి. పదకొండు ఊళ్ల నుంచి ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన శివుడి ప్రతిరూపాలు, వస్తాయి. పచ్చటి చేల మధ్య నుంచి భుజాల మీద మోసుకెళ్తారు. పైరు తొక్కుకుపోయినా ఆ రైతు ఒక్క మాట అనడు, ఈశ్వరుడు తన చేలోకి వచ్చాడనుకుంటాడు.

జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద వార్తలు వినడం అలవాటు చేసుకోండి. 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంక ఊళ్లు ఏటిగట్టుకి నది వైపున ఉంటాయి. మా మేనత్త వాళ్లని అప్పుడు పడవలో తెచ్చుకున్నాం, గేదెల్ని గట్టు మీద కట్టేశాం, అరటి తోట అంతా పోయింది. రెండో హెచ్చరిక వచ్చిందంటే లంకల్లోని మీ ఖాతాదారులు ఆ వారం వాయిదా కట్టడానికి రాలేరు. కాజ్‌వేలు మునిగిపోతాయి. ఫోన్ చేసి అడిగితే, ముందు గేదెలు క్షేమమా అని అడగండి.