పాఠకుల ప్రశ్నలు: కాలు కరవని షూ ఆన్‌లైన్‌లో ఎంచుకోవడమెలా?

ప్రశ్న: ఎప్పుడూ 8వ నంబరే వేసుకుంటాను. నడక కోసం ఆన్‌లైన్‌లో అదే నంబరు తెప్పిస్తే ఒక జత వేళ్లను నొక్కేసింది, ఇంకో జత మడమ దగ్గర జారిపోయింది. నా అసలు సైజు తెలుసుకునేదెలా?

జవాబు: నంబరును నమ్ముకోవడం వల్లే ఈ తిప్పలు. బ్రిటిష్ లెక్కలో ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మి.మీ. యూరప్ లెక్కలో అది 6.7 మి.మీ. యూకే 8 అన్నది ఒక కంపెనీ పట్టికలో యూఎస్ 9, ఇంకో కంపెనీ పట్టికలో 8½. పైగా షూ కుట్టే అచ్చు ఆకారం కంపెనీకొక రకం. అందుకని పాదాన్ని మిల్లీమీటర్లలో కొలుచుకోండి.

సాయంత్రం పూట కొలవాలి. పొద్దుటి నుంచీ తిరిగిన కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. నడకకు వేసుకునే సాక్సే తొడుక్కోండి. గట్టి నేల మీద తెల్ల కాగితాన్ని గోడకు ఆనించి పరిచి, మడమ గోడకు తగిలేలా దాని మీద నిలబడండి. రెండు కాళ్ల మీదా బరువు సమానంగా ఉండాలి. కూర్చుని కొలిస్తే పాదం పూర్తిగా పరుచుకోదు, కొలత తక్కువ వస్తుంది. గీత గీసే పని ఇంకొకరికి అప్పగించండి. మీరే వంగి గీయబోతే మడమ గోడను వదిలేస్తుంది. పెన్సిల్ నిట్టనిలువుగా ఉండాలి. అది లోపలికి వాలితే 3, 4 మి.మీ. ఇట్టే తగ్గిపోతాయి. అర నంబరు తేడా అంతే కదా!

గోడ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి కొస దాకా కొలవండి. కొందరికి బొటనవేలి కన్నా పక్కవేలే పొడవు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాని లెక్క తీసుకోండి. ఎడమది 252, కుడిది 257 వచ్చాయనుకుందాం. మీ కొలత 257.

చాలామంది పొరబడేది ఈ తర్వాతే. వేళ్ల ముందు 10 నుంచి 12 మి.మీ. ఖాళీ ఉండాలన్న మాట నిజమే. అయితే సైజు పట్టికలు రెండు రకాలు. ‘పాదం పొడవు’ అని ఉన్న పట్టికలో ఆ ఖాళీ ముందే కలిపి ఉంటుంది కాబట్టి, 257కి సరిపోయే వరుస, లేదంటే దాని పై వరుస చూసుకుంటే చాలు. ‘ఇన్సోల్ పొడవు’ (ఇన్సోల్ అంటే షూ లోపల పాదం కింద పరిచి ఉండే పొర) లేదా ‘షూ లోపలి పొడవు’ అని ఉంటే మాత్రం 267 నుంచి 269 వెతకాలి. మొదటి రకం పట్టికలో కూడా మళ్లీ ఖాళీ కలిపితే షూ ఒక నంబరుకు పైగా పెద్దదవుతుంది. పట్టిక ఏ రకమో రాసి లేకపోతే, కొనే ముందు అమ్మేవాళ్లను అడగండి.

ప్రశ్న: పొడవు సరిపోతోంది కానీ చిటికెన వేలి దగ్గర ఒరుసుకుని పొక్కులు వస్తున్నాయి. ఒక నంబరు పెద్దది తీసుకోనా?

జవాబు: వద్దండీ. షూ వంగే చోటు మీ వేళ్ల మొదళ్ల కింద పడాలి. నంబరు పెంచితే ఆ మడత ముందుకు జరుగుతుంది, పాదం లోపల జారుతుంది, చిటికెన వేలి పొక్కు కాస్తా మడమకు చేరుతుంది. మీకు కావలసింది వెడల్పు. అమెరికా లెక్కలో మగవాళ్లకు మామూలు వెడల్పు డి, వెడల్పాటిది 2ఈ, ఇంకా వెడల్పాటిది 4ఈ. ఆడవాళ్లకు మామూలుది బి, వెడల్పాటిది డి. అంటే మగవాళ్ల మామూలు వెడల్పే ఆడవాళ్లకు వెడల్పాటి రకం. వెడల్పు పాదం ఉన్న స్త్రీలు మిల్లీమీటర్లు సరిచూసుకుని మగవాళ్ల వరుసలోనూ వెతకవచ్చు.

షూ చేతికి రాగానే ఇన్సోల్ బయటికి తీసి దాని మీద నిలబడండి. చిటికెన వేలి వైపు పాదం అంచు దాటి పొర్లితే ఆ జత తిరిగి పంపేయండి. వాడగా వాడగా సాగుతుందన్న ఆశ పెట్టుకోకండి. తోలు కాస్త సాగుతుంది గానీ సింథటిక్ గుడ్డ పెద్దగా సాగదు.

ప్రశ్న: మెమరీ ఫోమ్ ఉన్నవి మెత్తగా ఉంటాయట. అవే మేలా?

జవాబు: వేసుకున్న మొదటి నిమిషంలో అవే మేలనిపిస్తాయి. ఆ మెత్తదనం పై పొరది. రోజూ నడిచే కాలి కింద అది త్వరగా అణిగిపోతుంది. మిమ్మల్ని మోసేది దాని కింది మందపాటి సోల్. షూను రెండు చేతులా పట్టి వంచండి. వేళ్ల దగ్గర వంగాలి. నట్టనడుమ పుస్తకంలా మడత పడితే అరికాలికి ఆధారం ఉండదు. మడమ వెనక భాగాన్ని వేళ్లతో నొక్కితే గట్టిగా నిలవాలి.

ప్రశ్న: తిరిగి పంపే గడువు లోపల ఏమేం చూసుకోవాలి?

జవాబు: ట్యాగులు తెంపకుండా, సాయంత్రం వేళ, శుభ్రమైన గట్టి నేల మీద ఇంట్లోనే 20 నిమిషాలు నడవండి. తివాచీ మీద నడిస్తే ఏ షూ అయినా మెత్తగానే ఉంటుంది. మెట్లు దిగి చూడండి. వేళ్లు ముందుకు కొట్టుకుంటే పొడవు చాలలేదు, లేదా లేసు వదులైంది. మడమ కొద్దిగా లేస్తుంటే వెంటనే వదిలేయకండి. అన్నిటికన్నా పైనున్న అదనపు కన్నంలోకి అదే వైపు లేసును దూర్చి చిన్న ఉచ్చు చేయండి. రెండో వైపు లేసును ఆ ఉచ్చులోంచి లాగి బిగిస్తే మడమ కుదురుకుంటుంది. పాదం పైభాగం తిమ్మిరెక్కితే, ఆ చోట లేసును అడ్డంగా వేయకుండా పక్కనే నిలువుగా పైకి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అమ్మగారికి షుగర్. కాళ్లకు స్పర్శ తగ్గింది. షూ సరిపోయిందని ఆవిడ అంటే నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి. స్పర్శ తగ్గినవాళ్లకు షూ కరుస్తున్నా తెలియదు, బిగుతుగా ఉన్నదే సరిపోయినట్టు అనిపిస్తుంది. కొలతతోనూ ఇన్సోల్ పరీక్షతోనూ మీరే తేల్చండి. లోపల చెయ్యి పెట్టి కుట్లు, గరుకు అంచులు తడిమి చూడండి. మొదటి రోజుల్లో అరగంటే వేయించి, విప్పగానే పాదాలంతా పరికించండి. ఎర్రదనం తగ్గకుండా ఉండిపోతే ఆ జత మళ్లీ తొడగవద్దు. పుండుగానీ, పాదం ఆకారంలో మార్పుగానీ ఉంటే ఆన్‌లైన్ కొనుగోలు ఆపి ముందు డాక్టరుకు చూపించండి.