స్కూలు గది స్లాబుకు సెంట్రింగ్ ఎన్ని రోజులకు విప్పాలి?

వారానికే విప్పేస్తామని మేస్త్రీ అంటే ముందు స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) కొలవండి. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌ల్యాండ్) సిమెంటుతో వేసిన స్లాబు 4.5 మీటర్ల లోపైతే 7 రోజులు, దాటితే 14. బీముల కింద సపోర్టులు 6 మీటర్ల వరకు 14 రోజులు, ఆపైన 21. తరగతి గదిలో చిక్కు ఇక్కడే: స్లాబు బీముల మధ్య 3 మీటర్లే ఉన్నా, బీము గది వెడల్పంతా దాటుతుంది. స్లాబు రేకులు తీసినా బీము కింది జాకీలు కదపకూడదు. ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన సిమెంటు) నిదానంగా బలపడుతుంది కాబట్టి ఇంకొన్నాళ్లు ఆగడమే మేలు; క్యూరింగూ (నీళ్లతో తడిగా ఉంచడం) కనీసం 10 రోజులు.

వరండా కాంటిలీవర్ (ఒకవైపే ఆధారం ఉండి బయటికి పొడుచుకొచ్చిన స్లాబు) అయితే మరీ జాగ్రత్త. దాని మెయిన్ కమ్మీలు పైన ఉంటాయి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కితే అవి కిందికి దిగిపోతాయి, సెంట్రింగ్ తీయగానే గోడ దగ్గర పైభాగంలో పగులు వస్తుంది. కమ్మీల కింద ఛైర్లు (వాటిని ఎత్తులో నిలిపే స్టాండ్లు) పెట్టించి, నడవడానికి పలకలు వేయించండి. సపోర్టులు తీసేటప్పుడు బయటి అంచు నుంచి గోడవైపు రావాలి. బీముకైతే మధ్య నుంచి రెండు చివరలకు. పైన ఇంకో అంతస్తు స్లాబు పోస్తుంటే మాత్రం ఈ రోజుల లెక్క చాలదు, కింద సపోర్టులు ఉంచాల్సిందే.