సొంత ప్రాజెక్ట్ ఐడియాలు బోలెడున్నాయి, మొదలుపెట్టడమే కుదరట్లేదు. ఏం చేయాలి?

ఉద్యోగం చేస్తూనే సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాసుకోవాలని ఏడాదిగా అనుకుంటున్నానని, నోట్‌బుక్ నిండా ఐడియాలున్నా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని అడిగారు. నేనూ దాదాపు ఆరు నెలలు అలాగే ఉండిపోయాను. అందుకే నా అనుభవమే చెబుతాను.

నాది ఫొటోల ప్రాజెక్ట్. ఇంట్లో నాలుగు ఫోన్లలో, రెండు పాత హార్డ్ డిస్కుల్లో కలగలిసిపోయిన ఫొటోలను తేదీలవారీగా సర్దిపెట్టాలి. ఆ ఆరు నెలల్లో దానికి పేరు వెతికాను, ఏ ఫ్రేమ్‌వర్క్ (ప్రోగ్రామ్ కట్టడానికి ముందే సిద్ధంగా ఉండే చట్రం) మంచిదో వీడియోలు చూశాను, లాగిన్ పేజీ సగం కట్టాను. వాడేది నేనొక్కడినే అయినప్పుడు లాగిన్ ఎందుకన్నది తట్టనే లేదు. ఇలాంటివన్నీ పనిలాగే ఉంటాయి, చేస్తే అలసట కూడా వస్తుంది. అందుకే అసలు పని మొదలవలేదన్న సంగతి మనకే తెలియదు.

ఒక రాత్రి అమ్మ ఏదో పాత ఫొటో అడిగింది. గంట వెతికినా దొరకలేదు. ఆ చిరాకులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 30 లైన్లు రాశాను. ఒక ఫోల్డర్ తెరిచి, అందులోని ప్రతి ఫొటో పేరూ, తీసిన తేదీ స్క్రీన్ మీద చూపించడమే దాని పని. ఏ ఫైలునూ ముట్టుకోదు.

ఫోన్లు, డిజిటల్ కెమెరాలు ఫొటో తీసిన తేదీని ఆ ఫైలులోనే రాసిపెడతాయి. దాన్నే ఎగ్జిఫ్ అంటారు. అది అన్నిటికీ ఉంటుందన్న నమ్మకంతోనే నేను ప్లానంతా వేశాను. 30 లైన్లు నడిపాక పది నిమిషాల్లో ఆ నమ్మకం పోయింది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినవాటికి ఆ తేదీ లేదు, పంపేటప్పుడే అది పోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాటి ఫైలు పేరులో 8 అంకెల తేదీ ఉంటుంది కానీ, అది ఫొటో తీసిన రోజు కాదు. స్కాన్ చేసిన ఆల్బమ్ ఫొటోలకు స్కాన్ చేసిన రోజే పడింది. ఒక పాత కెమెరాలో గడియారం సరిచేయకపోవడంతో ఒక ప్రయాణం ఫొటోలన్నీ వేరే సంవత్సరంలోకి వెళ్లిపోయాయి. అంటే అసలు సమస్య సర్దడం కాదు, సరైన తేదీ లేని ఫొటోలు. ఆరు నెలలు ఆలోచించినా ఇది నాకు తెలిసేది కాదు.

అందుకే నా సలహా ఇది. మీ ఐడియాల్లో మీరే రేపు వాడుకునేది ఒకటి తీసుకోండి. అందులో ఒక్క రాత్రిలో కళ్లకు కనిపించే ముక్క ఏదో చూసి, అది మాత్రమే రాయండి. పెద్దవీ ఇలాగే మొదలయ్యాయి. గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబర్‌లో క్రిస్మస్ సెలవుల్లో హాబీగా మొదలుపెట్టినదే పైథాన్. లినస్ టోర్వాల్డ్స్ విద్యార్థిగా ఉండగా 1991లో బయటపెట్టిన లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి రూపం దాదాపు 10,000 లైన్లే. దాన్ని కంపైల్ చేయడానికి, అంటే కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చడానికి కూడా మినిక్స్ అనే ఇంకో సిస్టమ్ కావాల్సి వచ్చేది.

ఇక టైమ్ గురించి. రోజూ రెండు గంటలని పెట్టుకుని నాలుగో రోజే మానేశాను. వారానికి రెండు సాయంత్రాలు నాకు కుదిరాయి. దానికంటే మేలు చేసింది మరొకటి: పని ఆపి లేచేముందు కోడ్ చివర ఒక్క లైను రాసిపెట్టడం. ‘తర్వాత: వాట్సాప్ ఫైలు పేరులోంచి తేదీ తీయాలి.’ అంతే. మళ్లీ కూర్చున్నప్పుడు ఎక్కడున్నానో గుర్తుచేసుకోవడానికే అరగంట పోయేది, అది తప్పింది.

ఒక జాగ్రత్త మాత్రం మొదటిరోజే తీసుకోండి. అసలు ఫైళ్ల మీద కాకుండా కాపీ మీదే ప్రయోగాలు చేయండి. నేను తొందరపడి అసలువాటి పేర్లే మార్చాను. లినక్స్‌లో ఫైలు పేరు మార్చే పైథాన్ కమాండ్, అదే పేరుతో ఇంకో ఫైలు ఉంటే అడగకుండా దాన్ని తుడిచేసి ఆ చోట కొత్తదాన్ని పెడుతుంది. రెండు ఫోన్లలో ఒకే క్షణంలో తీసిన ఫొటోలకు నా ప్రోగ్రామ్ ఒకే పేరు పెట్టింది, అలా 40 దాకా పోయాయి. పాత డిస్కులో ఇంకో కాపీ ఉండబట్టి దొరికాయి గానీ, అది వెతికేదాకా పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అలాగే ఆఫీసు ల్యాప్‌టాప్ వాడకండి. మీరు సొంతంగా చేసేవాటి మీద హక్కు ఎవరిదో ఉద్యోగ ఒప్పందంలో ఒకసారి చదువుకోండి.

నా ప్రోగ్రామ్‌కు ఇప్పటికీ లాగిన్ లేదు. తేదీ లేని ఫొటోలను, స్కాన్ చేసినవాటిని ఒక ఫోల్డర్‌లో వేరుగా పెడుతుంది, వాటికి నేనే తేదీ టైపు చేస్తాను. అమ్మ అడిగిన ఫొటో ఆ ఫోల్డర్‌లోనే దొరికింది. అది స్కాన్ చేసినది. అసలు ఫొటో ఆల్బమ్‌లోంచి తీసి చూస్తే, వెనకవైపు నాన్న పెన్నుతో తేదీ రాసి ఉంచారు.